సర్పంచ్ నాలుగు కాళ్లు

ఆ ఆదివారం పొద్దున త్రివేణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొట్టేలు ఉరుకుతుంది, తను ఫోటో తీస్తుంది, పంపేస్తుంది, వచ్చి ఉప్మా తింటుంది. అంతా కలిపి పది నిమిషాలు. ఉప్మా చల్లారకుండా గిన్నె మీద మూత కూడా పెట్టి వచ్చింది.

పొట్టేలు పేరు సర్పంచ్. అది ఎటు పోతే అరవై గొర్రెలూ అటే పోతాయి, ఎందుకు పోతున్నామని ఒక్కటీ అడగదు. అందుకే త్రివేణి తండ్రి జంగయ్య దానికి ఆ పేరు పెట్టాడు. సూర్యాపేట చివర, కొత్త ఇళ్లకూ పాత గొర్ల దొడ్లకూ మధ్య వాళ్ల ఇల్లు. వచ్చే వారం మిర్యాలగూడలో పొట్టేళ్ల పోటీ. కిందటేడు సరిగ్గా ఆ పోటీ రోజునే సర్పంచ్ గిట్టలో తుమ్మముల్లు దిగింది. అంతమంది ముందు మూడు కాళ్ల మీద గెంతుకుంటూ నడిచింది. అదే పోటీకి తన పొట్టేలుతో వచ్చిన కోదాడ సాయిబాబు అది చూసి "జంగయ్యది కుంటి పొట్టేలు" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఏడాదిగా జంగయ్య ఏ పెళ్లికి పోయినా పలకరింపు ఒకటే: "కాలెట్లున్నదే?" అడిగేది ఆయన కాలు గురించి కాదు.

ఈసారి పోటీ పెట్టేవాళ్లు కొత్త షరతు తెచ్చారు. పొట్టేలు ఉరుకుతుండగా తీసిన ఒక ఫోటో, నాలుగు కాళ్లూ స్పష్టంగా కనబడేది, ఆదివారం మధ్యాహ్నం పన్నెండులోపు పంపాలి. వీడియోలు చెల్లవు. ఫోటో రాకపోతే పోటీలో పేరు ఉండదు.

"బీటెక్ సదివినవ్ గద బిడ్డా, ఒక్క ఫోటో తీయలేవా?" అన్నాడు జంగయ్య.

కోదాడలో నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివిన మనిషి ఈ ప్రశ్నకు తీయలేనని ఎలా చెబుతుంది? "గది నాకు రెండు నిమిషాల పని నాయినా," అంది.

మొదటి ఫోటో దొడ్లో, రేకుల కింద తీసింది. అందులో పొట్టేలు లేదు. ఎడమ నుంచి కుడికి గోధుమరంగు పొగ ఒకటి సాగిపోతోంది.

"ఇదేందే, దుప్పటి ఆరేసినట్టున్నది?" అంది తల్లి లక్ష్మీనర్సమ్మ, ఫోన్‌లోకి తొంగి చూసి.

"ఎలుతురు తక్కువుంటే ఫోన్ ఎక్కువసేపు కన్ను తెరిచి పెడ్తదమ్మా. అంతట్ల ఇది నాలుగడుగులేస్తది. అన్ని అడుగులు ఒక్క ఫోటోలనే పడ్తయి."

"అయితే ఎండకు తీస్కపో. గీ మాత్రం దానికి కోదాడ దాక పోయి సదువుడెందుకు?"

సర్పంచ్‌ను సందులోకి తోలారు. త్రివేణి ఎండకు వీపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు డొక్కలకు ఆనించుకుని సిద్ధమైంది. సర్పంచ్ తల కొంచెం పక్కకు తిప్పి, పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినట్టు కదలకుండా నిలబడింది. జంగయ్య అదిలించాడు, బతిమాలాడు, చివరికి ఎలా ఉరకాలో తానే ఉరికి చూపించాడు. జంగయ్య ఉరుకుతున్న ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. కాళ్లే రెండు తక్కువయ్యాయి.

"ఒక్కదాన్ని ఉరుకుమంటే ఉరుకుతదా?" అంది లక్ష్మీనర్సమ్మ. "ఎనుక మంద లేకపోతే అది సర్పంచెట్ల అయితది?"

మాట నిజమే. దొడ్డి తలుపు తీశారు. అరవై గొర్రెలు సందు నిండా పరుచుకున్నాయి. కట్టె అడ్డం పెడితే దూకుతుంది, దూకితే కాళ్లు కనబడతాయి అని లక్ష్మీనర్సమ్మే ముందుకొచ్చి దారికి అడ్డంగా కట్టె పట్టుకుంది.

సర్పంచ్ దూకింది. త్రివేణి నొక్కింది. ఫోటోలో ఒక కట్టె, అమ్మ మోచెయ్యి, ఒక తోక. రెండోసారి ముందే నొక్కితే కొమ్ములు వచ్చాయి, కాళ్లు రాలేదు. మూడోసారి వరసగా ఫోటోలు పడేలా బటన్ నొక్కి పట్టుకోబోయింది. ఆమె నొక్కేలోపే, కట్టె ఇంకా రెండు గజాలు ఉండగానే, సర్పంచ్ లేచి దాటిపోయింది. దాని వెనక దూకిన గొర్రెలన్నీ ఒకదాని తరువాత ఒకటి అద్దంలో చూసినంత స్పష్టంగా పడ్డాయి. మధ్యలో చెయ్యి నొప్పి పుట్టి లక్ష్మీనర్సమ్మ కట్టె కింద పడేసింది. మిగిలిన గొర్రెలు ఆ చోటికి రాగానే లేని కట్టె మీదుగా శ్రద్ధగా దూకుతూనే ఉన్నాయి.

నాలుగోసారి సర్పంచ్ కట్టె కింద నుంచి దూరిపోయింది.

"మీతోని కాదు, ఇగ నేను సూస్కుంట," అని జంగయ్య మేతకు పెట్టే మక్కల డబ్బా తెచ్చాడు. సందు చివర మలుపు. ఆ మలుపులో రిటైరైన డ్రిల్లు మాస్టారు కోటయ్య సారు ఇల్లు, దాని చుట్టూ నడుమెత్తు పచ్చరంగు గోడ. జంగయ్య మలుపు అవతల నిలబడి డబ్బా గలగలలాడించాడు. సర్పంచ్ సందు వెంట ఉరికొచ్చి మలుపు తిరుగుతుంది, అక్కడ త్రివేణి ఫోటో తీస్తుంది. ఇదీ ఆయన లెక్క.

సర్పంచ్‌కు మలుపుల మీద నమ్మకం లేదు. చప్పుడు ఎటు ఉందో అటే నేరుగా వచ్చింది. గోడ దూకి కోటయ్య సారు వాకిట్లో పడింది.

ఒకటి దూకిన చోటే మిగతావీ దూకాలన్నది మంద రాజ్యాంగం. రెండడుగుల దూరంలో గేటు బార్లా తెరిచి ఉంది. అరవైలో ఒక్కటి కూడా దాని వంక చూడలేదు.

వాకిట్లో పట్టా పరిచి ఎండుమిరపకాయలు పోసి ఉన్నాయి. వాటి మీద ఒక మంద గొర్రెలు పడితే ఏమవుతుందో చెప్పడానికి బీటెక్ అక్కర్లేదు. ఎర్రటి దుమ్ము లేచింది. ముందు ఒక గొర్రె తుమ్మింది. గొర్రెలు కదా, తరువాత అన్నీ తుమ్మాయి.

జంగయ్య నాలుక మడిచి "ట్ర్ర్ర్... హోయ్!" అని మందను వెనక్కి మళ్లించే కూత వేశాడు. సర్పంచ్ వెనక్కి తిరిగి, వచ్చిన గోడ మీదుగానే బయటికి దూకింది. మంద మొత్తం తుమ్ముకుంటూ దాని వెనకే దూకింది. కళ్లలో కారం పడ్డ త్రివేణి ఫోన్ ఎటు పెట్టి నొక్కిందో తనకే తెలియదు. ఐదు నిమిషాల్లో గొర్రెలన్నీ దొడ్లో ఉన్నాయి. తలుపుకు గడియ పడింది.

"ఎవ్వలన్న సూశిన్రా?" అంది లక్ష్మీనర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"సూసినా అవి మనవి గావు," అన్నాడు జంగయ్య.

టైము పదకొండున్నర. త్రివేణి ఫోటోలన్నీ వెతికింది. ఆకాశం ఉంది, గోడ ఉంది, తన చెప్పు ఉంది. అంతలో జంగయ్య ఫోన్ మోగింది. కోదాడ సాయిబాబు.

"ఏం జంగయ్య బావా, ఫోటో పంపావా? మావాడిది పొద్దున్నే పంపించేశా. గాల్లో తేలుతున్నట్టు వచ్చిందనుకో! మీవాడు నిలబడలేకపోతే గోడకి ఆనించి తీయండి, ఏం పర్లేదు."

జంగయ్య ఫోన్ పెట్టేశాడు. "పోనియ్ బిడ్డా. ఇంకో ఏడాది కాలెట్లున్నదే అంటరు. అంతే గద."

ఆ 'అంతే గద' త్రివేణికి ఎక్కడో తగిలింది. "ఇంకా అర్ధగంట ఉన్నది నాయినా, లే," అని దొడ్డి గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడే గేటు దబదబా మోగింది.

కోటయ్య సారు. రిటైరై ఆరేళ్లయినా మెడలో విజిల్ తీయలేదు. ముక్కు దొండపండులా ఉంది.

"జంగయ్యా! నీ గొర్లు నా మిరపకాయలన్నీ తొక్కినయ్!"

"మావా? మావి గావు సారూ. మా గొర్లు పొద్దుగాల సంది దొడ్డి దాటలే."

దొడ్లోంచి ఒక తుమ్ము వినబడింది.

"అదేంది?"

"సర్ది అయింది సారూ."

"ఎండాకాలంలనా?"

ఇంకో నాలుగు తుమ్ములు. "ఒకదానికి అయితే అన్నిటికి అంటుకుంటది సారూ," అని లక్ష్మీనర్సమ్మ తన వంతు సాయం చేసింది.

"మరి ఇదెవలదయ్యా?" అని కోటయ్య సారు జేబులోంచి ఫోన్ తీసి జంగయ్య ముఖం ముందు పెట్టారు.

పచ్చటి గోడ. గోడకు జానెడు పైన, గాలిలో, సర్పంచ్. ముందుకాళ్లు ఛాతీ కిందికి మడిచి, వెనకకాళ్లు బారెడు చాచి ఉంది. నాలుగు గిట్టలూ విడివిడిగా కనబడుతున్నాయి. మెడలో లక్ష్మీనర్సమ్మ కట్టిన నల్లతాడు, దానికి గవ్వ. చుట్టూ ఎగురుతున్న మిరపగింజలను కూడా ఒక్కొక్కటిగా చూడవచ్చు.

జంగయ్య నోరు తెరుచుకుంది. "అబ్బబ్బ! ఎంత మంచిగొచ్చింది సారూ! ఇటు రావే, గా కుడి కాలు సూడు! ఏడ కుంటుతున్నది? ఎవడన్నడు కుంటిదని?"

"అంటే నీదేనా?"

"నాది గాకపోతే ఎవలదనుకున్నవ్? ఆ ఛాతీ సూడు! మొత్తం సూర్యాపేటల ఇసుంటిది..." అని అక్కడ ఆగాడు. దొడ్లో మరొకటి తుమ్మింది.

త్రివేణికి సిగ్గు కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. "సార్, మీరు గిది ఎట్ల తీసిన్రు?"

కోటయ్య సారు కోపాన్ని కాసేపు పక్కన పెట్టారు. "ముప్పై ఏండ్లు లాంగ్‌జంప్ గుంత పక్కన నిలబడ్డ బిడ్డా. ఉరికొచ్చేటప్పుడే తెలుస్తది ఏడ లేస్తరో. ఫస్ట్ అటెంప్ట్‌ల, అవి లోపటికి దూకుతుంటే, నాకు తుమ్మొచ్చి మిస్సయిన. ఎట్లయిన వచ్చిన చోటికెళ్లే పోతదని ఫోన్ల గోడ మీద వేలు పెట్టి ఫోకస్ ఆపిన. అది లేవకముందే నొక్కి పట్టిన. దాని ఎనుక ఉరుకొద్దు, లేచే కాడ కాపలుండాలె. నీకు ఎనిమిదో తరగతిలనే చెప్పిన. వింటివా? మూడుసార్లు ఫౌల్ చేసినవ్."

"సార్, గా ఫోటో మాకు జర పంపుతరా?"

"పంప! ఇది సాక్ష్యం. రేపు వార్డు ఆఫీసుల ఇస్త."

జంగయ్య దాపరికం వదిలేసి మొత్తం చెప్పాడు. తుమ్మముల్లు, సాయిబాబు, పెళ్లిళ్లలో పలకరింపులు, పన్నెండు గంటల గడువు. మిరపకాయల సంగతిలో కరగని కోటయ్య సారు ఒక్క మాట దగ్గర నిటారుగా నిలబడ్డారు.

"కుంటిదన్నడా? గట్ల లేచినదాన్ని? వాడు ఎన్నడన్న గ్రౌండ్ల నిలబడ్డడా?" విజిల్ సవరించుకున్నారు. "సరే. 'నా పొట్టేలే, మేమే తోలినం' అని కాయితం మీద రాసి సంతకం పెట్టు. ఫోటో తీస్కో."

జంగయ్య రాశాడు. గవ్వ గుర్తు సంగతి కూడా, అడగకపోయినా, తానే రాశాడు. అంత సంతోషంగా తప్పు ఒప్పుకున్న మనిషిని కోటయ్య సారు సర్వీసు మొత్తంలో చూడలేదు.

టైము పదకొండు యాభై ఐదు. కోటయ్య సారు పంపబోతుంటే త్రివేణి చెయ్యి అడ్డం పెట్టింది. "మామూలుగ పంపితే మసకగ అయితది సార్. డాక్యుమెంట్ లెక్క పంపాలె." ఆ పొద్దున ఆమె బీటెక్ పనికొచ్చింది అక్కడొక్కచోటే. పన్నెండుకు రెండు నిమిషాలుండగా సర్పంచ్ నాలుగు కాళ్లూ మిర్యాలగూడ చేరాయి.

జంగయ్య వెంటనే కోదాడకు ఫోన్ కలిపాడు. "బావా, నువ్వు సెప్పినట్టే సేసినం. గోడ కాడనే తీసినం."

మరునాడు కోటయ్య సారు ఆ ఫోటో ప్రింటు తీయించి, జంగయ్య రాసిచ్చిన కాగితంతో కలిపి వార్డు ఆఫీసులో ఇచ్చారు. ఇంత స్పష్టమైన ఫోటో ఇంతవరకు తమకు రాలేదని మిర్యాలగూడ వాళ్లూ, వార్డు ఆఫీసు వాళ్లూ ఒకే మాట అన్నారు.