ఓబుళమ్మ పేగుల్లో ఖాళీలు

ఓబుళమ్మ పేగుల్లోంచి గెంటేసిన సూక్ష్మజీవులు తమను తిరిగి లోపల పెట్టించమని అర్జీ పట్టుకుని మండలాఫీసుకు వచ్చాయి. నలభై లక్షల దాకా వచ్చినా, కుర్చీ ఒక్కటే ఉండటంతో ఒక ప్రతినిధిని మాత్రమే లోపలికి పిలిచారు. మిగిలినవి సైకిల్ స్టాండు నీడలో కూర్చున్నాయి.

నలభై ఏళ్ల ఓబుళమ్మ కూడా వచ్చింది. ఆమెది చెనక్కాయల మిల్లులో పప్పు ఏరే పని. దగ్గు తగ్గడం లేదంటే మందుల షాపతను మూడుసార్లు యాంటీబయాటిక్ బిళ్లలు ఇచ్చాడు. ఆ బిళ్లలే ఖాళీ చేయమనే నోటీసులని, మూడో నోటీసుతో పేగులు పూర్తిగా ఖాళీ అయ్యాయని ఫైల్లో ఉంది. ఆ తర్వాతి వారం, ఇరవై రెండేళ్లుగా పనిలో తింటున్నట్టే, ఆమె నాలుగు పప్పులు నోట్లో వేసుకుంది. పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో ఇంజెక్షన్ వేసి బతికించారు.

"ఎందుకలా జరిగింది?" అని డిప్యూటీ తహసీల్దారు వసంతకుమారి అడిగింది.

"లోపల రోగాల్ని ఆపే కావలోళ్లు ఉంటారు మేడమ్," అంది ప్రతినిధి. "ఎవరు దొంగో ఎవరు చుట్టమో వాళ్లకు తెల్దు. ఈయమ్మ పుట్టినప్పట్నించీ మేమే చెప్తా వచ్చినాం, అది చెనక్కాయ, మనదే, వదిలేయండి అని. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. కనపడినదాన్నంతా కొడతాండారు."

"కావలివాళ్లు పర్మనెంటు. మీరో?"

"కాంట్రాక్టు కూడా కాదు మేడమ్. ఈయమ్మ వాళ్లమ్మ దగ్గర్నించి వచ్చినాం. ఊరికే ఉండాం."

"ఆర్డరు లేకుండా నలభై ఏళ్లు పనిచేశారా?"

"చేసినాం."

ఆమె దాన్ని లోపంగా రాసుకుంది. విచారణకు పిలిపించిన కావలివాడు ఇస్త్రీ బట్టల్లో వచ్చి, అనుమానమొస్తే కొట్టమని తప్ప తమకు వేరే ఉత్తర్వులు లేవన్నాడు.

ఓబుళమ్మ చేతులు జోడించింది. "నాకు వేరే పని రాదు మేడమ్. వీళ్లను లోపలికి పంపండి. మజ్జిగన్నం పెట్టి బాగా చూసుకుంటా."

ఖాళీల భర్తీపై నిషేధం ఉందని మేడమ్ చెప్పింది. చెనక్కాయ పరాయిదని ధ్రువీకరిస్తూ ఓబుళమ్మకు ఒక కార్డు ఇచ్చింది. అది చూసి మిల్లువాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. సైకిల్ స్టాండు సాయంత్రానికల్లా ఖాళీ అయింది. అవి ఎటు పోయాయో ఎవరూ అడగలేదు.

నెల తిరక్కుండానే కావలివాడు పరాయివాటి కొత్త జాబితాతో ఇంటికొచ్చాడు. అందులో గుడ్డు, నువ్వులు, పాలు ఉన్నాయి.

"మా ఆయన?" అనడిగింది ఓబుళమ్మ.

"విచారణలో ఉన్నాడు."

"చూడండి మల్ల. మీకు తెలీకుండా ఉంటుందా," అని ఆమె జాబితా కింద వేలిముద్ర వేసింది.

ఇంత గట్టి కాపలా ఎక్కడా చూడలేదని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. తమ వీధికీ అలాంటి కావలివాళ్లే కావాలని అందరూ కలిసి అర్జీ పెట్టారు. అది మాత్రం అదే రోజు మంజూరైంది.