అత్త సొమ్ము, అల్లుడి పార్కింగు

అక్టోబరు నెలలో ఒక శుక్రవారం ఉదయం రామాంజనేయులు నిద్ర లేస్తూనే ఒట్టు పెట్టుకున్నాడు. సాయంత్రంలోగా పన్నెండో నంబరు పార్కింగు తనదైపోవాలి, అంతే.

లీడ్స్‌లో ఒక బీమా కంపెనీ ఐటీ విభాగంలో ఆయనకి పదకొండేళ్ల సర్వీసు. ఈ పదకొండేళ్లలో రెండు ప్రమోషన్లు వచ్చాయి, కాస్త బట్టతల వచ్చింది, పార్కింగు మాత్రం రాలేదు. ఆఫీసు ముందు ఉన్నవే పన్నెండు స్థలాలు. అందుకని ఆయన కారుని ఎక్కడో కాలువ అవతల వదిలి, వానలో ఇరవై నిమిషాలు నడిచి, తడిసిన పిల్లిలా ఆఫీసుకి చేరుతుంటాడు. ఇన్నాళ్లకి పన్నెండో నంబరు ట్రెవర్ రిటైరయ్యాడు. ఆ స్థలం కోసం పదకొండు మంది కొట్టుకున్నారు.

ఆఫీసు మేనేజరు గిలియన్‌కి తగవులంటే పడదు. ఆగస్టు చివరి నుంచీ ఆఫీసంతా గుమ్మడికాయ కాఫీ పిచ్చిలో పడి, కింద దుకాణం ముందు బారులు తీరడం ఆవిడ చూసింది. దాంతో ఒక ఉపాయం తట్టింది. ఆ కాఫీని ఇంటి దినుసులతో ఎవరు బాగా చేస్తే వాళ్లకే ఏడాదిపాటు పార్కింగు అని ప్రకటించింది.

రామాంజనేయులు వారంపాటు పరిశోధన చేశాడు. తేలిందేమిటంటే, గుమ్మడికాయ కాఫీలో గుమ్మడికాయ ఉండదు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగాలు ఉంటాయి. “ఓస్, ఇంతేనా! మన శొంఠి కాఫీకి కోటు తొడిగారన్నమాట” అనుకున్నాడు.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే భార్య ప్రభావతి ఆ రోజు పొద్దుటి షిఫ్టుకి పరుగెడుతూ గుమ్మంలోంచి చెప్పింది. “ఏవండీ, పొడి కొట్టి కాఫీ సీసాలో పోసి షెల్ఫులో పెట్టాను. రెండు చెంచాలు వేస్తే చాలు. చేతికొచ్చినంత పోసేరు!”

తెలుగువాళ్ల వంటింట్లో సీసా మీద ఉన్న పేరుకీ లోపల ఉన్న సరుకుకీ సంబంధం ఉండదన్నది జగమెరిగిన సత్యం. ఆ ఇంట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు, ఐస్‌క్రీమ్ డబ్బాలో కరివేపాకు ఉంటాయి. ఆ ఉదయం షెల్ఫులో కాఫీ సీసాలు రెండున్నాయి. చిన్నది ప్రభావతిది. పెద్దది మూడు రోజుల క్రితం నిడదవోలు నుంచి ఆయన అత్తగారు శేషమ్మ పెట్టెలో, చీరల మధ్య భద్రంగా వచ్చింది. లీసెస్టర్‌లో ఉన్న ఆవిడ చిన్నకూతురు హైమకి మరో రెండు వారాల్లో కాన్పు. పెళ్లయిన ఎనిమిదేళ్లకి కడుపు పండింది. పచ్చి బాలింతకి పెట్టాలని శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, మోడి, వాము స్వయంగా దంచి, జల్లించి, ఆ సీసా నిండా కాయం పొడి పట్టుకొచ్చింది శేషమ్మ. ఆదివారం లీసెస్టర్ ప్రయాణం.

నాలుగు రోజుల జలుబుతో రామాంజనేయులు ముక్కు కేవలం ముఖానికి అలంకారంగా మిగిలింది. నిండుగా ఉన్న పెద్ద సీసా చూసి, పార్కింగు మీద తన భార్యకి కూడా ఇంత పట్టుదల ఉందా అని ఆయన మనసు కరిగిపోయింది. అత్తగారు పూజలో ఉండగా సీసా సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

ఆఫీసు వంటగదిలో పాలు కాచి, డికాక్షన్ కలిపి, రెండు చెంచాల పొడి వేసి రుచి చూశాడు. ఏమీ తెలియలేదు. మరో నాలుగు వేశాడు. అప్పటికీ తెలియలేదు. రంగు కుదిరేదాకా వేశాడు.

లీడ్స్‌లోనే ఎమ్మెస్ చేసి ఈ మధ్యే టీములో చేరిన వరంగల్ అమ్మాయి శ్రీజ మొదటి గుక్క తాగి బల్ల పట్టుకుంది.

“అంకుల్, గింత ఘాటున్నదేంది?”

“ఆఫీసులో అంకుల్ అనొద్దని చెప్పానా?”

“సరే అన్నా. కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతున్నయ్.”

ఇంతలో గిలియన్ కప్పు అందుకుంది. తాగింది. ముఖం ఎర్రబడింది. చేత్తో రుమాలు వెతుక్కుంది. కాలువ అవతలి రోడ్డు రామాంజనేయులు కళ్ల ముందు కదలాడింది. ఆవిడ గట్టిగా ముక్కు చీది, గాలి పీల్చి, ఆశ్చర్యంగా చుట్టూ చూసింది.

“రామ్! సెప్టెంబరు నుంచి నాకు వాసనలు తెలియడం లేదు. ఇప్పుడు కార్పెట్ వాసన కూడా తెలుస్తోంది!”

అక్టోబరులో ఇంగ్లండులో ముక్కు కారనివాడు ఎవడు? మాట మూడంతస్తులూ పాకింది. కప్పులు పట్టుకుని జనం దిగారు. రెండో విడత కాచాడు, మూడో విడత కాచాడు. మిగతా పదిమంది తెచ్చిన కాఫీలు మూతలు కూడా తీయకుండా చల్లారిపోయాయి. సీసాలో అడుగున రెండు వేళ్ల పొడి మిగిలింది.

బహుమతి ప్రకటించే ముందు గిలియన్ ఒక ఫారం చేతికిచ్చింది. ఎవరికి ఏ దినుసు పడదో తెలియాలి కాబట్టి, అన్నీ రాయాలట. ప్రభావతికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి చేశాడు.

“అత్తయ్య గారూ, ప్రభ ఆ పొడిలో ఏమేం వేసిందో మీకు తెలుసా?”

“ఏ పొడి నాయనా?”

“పెద్ద కాఫీ సీసాలోదండీ.”

అటువైపు షెల్ఫు తలుపు తీసిన చప్పుడు. తర్వాత సీసా మూత తిప్పిన చప్పుడు.

“అల్లుడు గారూ, ప్రభ కొట్టిన పొడి ఇక్కడే ఉంది. మీరు పట్టుకెళ్లింది హైమ కాయం.” ఫోన్ ఠక్కున ఆగిపోయింది.

రామాంజనేయులు పక్కనే ఉన్న శ్రీజకి విషయం చెప్పి, చెప్పినందుకు వెంటనే పశ్చాత్తాపపడ్డాడు. ఆ పిల్లకి అబద్ధం చేతకాదు. ఇందులో ఏముందని గిలియన్ అడిగీ అడగగానే, “బిడ్డను కన్న తల్లికి పెట్టే మందు” అని చెప్పేసింది. గిలియన్ కెవ్వున అరిచి రామాంజనేయుల్ని కావలించుకుంది. ఇంత శుభవార్త దాచాడని కోప్పడింది. అప్పుడే ఎవరో పసిబిడ్డని మోసుకొచ్చే కొంగ బొమ్మ ఉన్న అభినందన కార్డు తెచ్చి సంతకాలు మొదలుపెట్టారు.

కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. కానీ కిటికీలోంచి, వానలో, ఖాళీగా పన్నెండో నంబరు కనిపించింది. కొత్తగా తండ్రైనవాడికి ఆ స్థలం ఇవ్వనిదెవరు? తెరిచిన నోరు మూసుకున్నాడు.

అరగంటలో ప్రభావతి ఫోన్ వచ్చింది.

“ఏవండీ, నాకు బిడ్డ పుట్టిందటగా? గిలియన్ మెసేజ్ పెట్టింది. ఇంతకీ ఆడా, మగా?”

ఆయన కాయం సంగతి మొదలుపెట్టేలోగా శ్రీజ పరుగెత్తుకొచ్చింది. “అంకుల్, అమ్మమ్మ కింద రిసెప్షన్ల ఉన్నది. మస్తు కోపంల ఉన్నది.”

శేషమ్మ చీర మీద కార్డిగన్, కార్డిగన్ మీద శాలువా, ఒక చేతిలో తడిసిన గొడుగు, రెండో చేతిలో అల్లుడి ఆఫీసు చిరునామా కార్డుతో లిఫ్టు దిగింది. తిన్నగా వచ్చి సీసా అందుకుని లోపలికి చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని మా కాలంలో సామెతగా చెప్పుకునేవాళ్లం నాయనా. కళ్లారా చూస్తాననుకోలేదు.”

ఆ ఒక్క మాటకి రామాంజనేయులు సిగ్గుతో చచ్చిపోయాడు. పార్కింగూ వద్దు, పాడూ వద్దు అనిపించింది. అందరూ వినేలా నిజం చెప్పేశాడు. తనకి బిడ్డా లేదు, ఏమీ లేదు; ఆ మందు మరదలి కోసం అత్తగారు తెచ్చుకున్నది.

 శేషమ్మ అప్పుడు చుట్టూ చూసింది. నలభై మంది. అందులో సగం మంది మగాళ్లు. అందరి చేతుల్లో కాయం. ఒకాయన కిటికీ తెరిచి చల్లగాలికి నిలబడ్డాడు. ఒకావిడ ఐసు నీళ్లు తాగుతోంది. శేషమ్మ కోపం ఎటో పోయి, నిడదవోలులో ముప్ఫై కాన్పులు చూసిన అనుభవం బయటికొచ్చింది.

“ఓసి నీ అసాధ్యం కూలా! కాయం తాగి చల్లనీళ్లా? చెప్పవే అమ్మాయ్, కిటికీ మూసేయమను! ఈ పూట పెరుగు ముట్టకూడదు. చెవుల్లో దూది పెట్టుకోవాలి. తలకి గుడ్డ కట్టుకోవాలి!”

శ్రీజ పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పింది. నిజం విన్నాక ఎవరైనా తిడతారేమోనని రామాంజనేయులు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కిటికీలు మూసి ఉన్నాయి. మేకప్ సంచుల్లోంచి దూది బయటికొచ్చి చేతులు మారుతోంది. గిలియన్ మఫ్లరు తలకి చుట్టుకుని, చెవుల్లో దూదితో, “ఇంకేం చెయ్యాలో అడుగు” అని శ్రీజని తొందరపెడుతోంది. ఆ మధ్యాహ్నం లీడ్స్‌లో ఒక బీమా కంపెనీ యావత్తూ పచ్చి బాలింతలా పథ్యం చేసింది.

సాయంత్రం నాలుగింటికి గిలియన్ ఫారం తెరిచింది. దినుసులు శేషమ్మ చెప్పగా శ్రీజ రాసింది. ‘తయారు చేసినవారు’ అన్న గడి దగ్గర ఆగారు.

“డికాక్షన్ నాది. పాలు కూడా నేనే కాచాను” అన్నాడు రామాంజనేయులు, ప్రాణం ఒప్పుకోక.

“అమ్మమ్మా, పొడి చేసినదెవరు?” అడిగింది శ్రీజ.

“ఇంకెవరూ, నేనే. మూడు రోజులు కూర్చుని దంచాను. ఎందుకూ?”

గిలియన్ చప్పట్లు కొట్టింది. చెవుల్లో దూది ఉన్నవాళ్లందరూ పక్కవాళ్లని చూసి కొట్టారు. ఆవిడ లెక్కలో పొడి చేసినవాళ్లదే కాఫీ. పోటీ నియమం ప్రకారం స్థలం గెలిచినవాళ్లకే చెందుతుంది, ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు.

“నాకు కారెక్కడిది తల్లీ? బస్సులో వచ్చాను” అంది శేషమ్మ. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. “మన వీధి చివర ఎక్కితే సరిగ్గా ఈ గుమ్మం ముందే దింపాడు. ఇంత బస్సుండగా మీకు కారెందుకు నాయనా?”

శని, ఆదివారాలు రామాంజనేయులు రోలు ముందు కూర్చున్నాడు. శేషమ్మ కుర్చీ వేసుకుని పర్యవేక్షించింది. “మెత్తగా, ఇంకా మెత్తగా” అన్న మాట తప్ప ఆవిడ మరో మాట అనలేదు. ప్రయాణం సోమవారానికి వాయిదా పడింది. హైమకి ఆడపిల్ల పుట్టింది, కాయం వేళకి అందింది. మనవరాలి తొలి ఫోటో ఆవిడ ముందుగా పంపింది పెద్దల్లుడికే.

పన్నెండో నంబరు దగ్గర ‘మిసెస్ శేషమ్మ’ అన్న బోర్డు ఇప్పటికీ ఉంది. రోజూ ఉదయం ఎనిమిది నలభైకి రామాంజనేయులు బస్సు దిగి, ఆ ఖాళీ స్థలంలోంచి అడ్డంగా నడిచి ఆఫీసుకి వెళ్తాడు.