ఉత్తమ స్కూటర్ వినియోగదారు ఉమామహేశ్వరి

తెలుగువాళ్ల పేట బర్మామైన్స్ చరిత్రలో అది సువర్ణాక్షరాలతో రాయదగిన సాయంత్రం. వార్డు నాయకుడు సీతారామరావు గారు మైకు పట్టుకుని, నెలకోసారి చందా కడితే బస్సూ, అద్దె స్కూటరూ రెండూ మీవేనని ప్రకటించారు. దాని పేరు సర్వయాన్ పాస్. జనం చప్పట్లు కొట్టారు. ఉమామహేశ్వరి అందరికంటే గట్టిగా కొట్టింది. పాపం, ఆవిడకు కావలసింది బస్సు. బిష్టుపూర్‌లో బట్టల షాపులో పని. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇంటికి పొమ్మని షాపు యజమాని సేఠ్ చెప్పేశాడు.

అయితే పథకం రాసిన మేధావులు అంత తేలిగ్గా వదులుతారా? ప్రతి పౌరుడూ స్కూటర్ మీదే బస్టాపుకొస్తాడని వాళ్లు పరిశోధించి తేల్చారు. కాబట్టి ముందు స్కూటర్ తీస్తేనే ఫోన్‌లో బస్సు టికెట్ వస్తుంది. ఉమామహేశ్వరి ఇల్లు బస్టాపుకి ఎదురుగానే ఉంది. పైగా ఆవిడకు స్కూటర్ నడపడం రాదు.

మర్నాటి నుంచి ఆమె బస్టాపులో నిలబెట్టిన అద్దె బండి తాళం ఫోన్‌తో తెరిచి, నాలుగడుగులు తోసి, మళ్లీ తాళం వేసి బస్సెక్కసాగింది. వారం తిరక్కుండా వీధి వీధంతా వరసకట్టి తోయడం నేర్చుకుంది. ఇక పగలంతా ఆ బండ్ల సీట్ల మీద అత్తగారు చిలకమ్మ గుడ్డ పరిచి వడియాలు ఆరబెట్టేది.

"సర్కారు బండి మీద వడియాలేటత్తా?" అని అడిగింది ఉమామహేశ్వరి.

"ఎవులూ ఎక్కట్నేదు గదే. ఎండ బాగా తగుల్తంది," అంది చిలకమ్మ.

ఆఫీసు కంప్యూటర్‌కి వడియాలు కనబడవు. స్కూటర్ల వాడకం మాత్రం అద్భుతంగా కనబడింది. రాష్ట్రంలో ఇంత స్కూటర్ పిచ్చి ఉన్న వార్డు మరొకటి లేదట. సీతారామరావు గారికి ఆనందబాష్పాలొచ్చాయి. ఒక్కరోజూ నాగా పెట్టని ఉమామహేశ్వరిని పిలిచి శాలువా కప్పారు, దండ వేశారు, హెల్మెట్ పెట్టారు.

"మన ప్రజలు బస్సు అనే బానిసత్వం నుంచి విముక్తులయ్యారు. వారి అభీష్టం మేరకు రేపటి నుంచి బస్సు బంద్," అని మైకులో చెప్పారు.

ఉమామహేశ్వరి దండతోనే ఆయన చెవి దగ్గరికి వెళ్లింది.

"బాబూ, బస్సు తీసీకండి. నాకు బండి నడపడం రాదు. మేవందరం తోత్తన్నాం, అంతే."

ఆయన నవ్వు చెదరలేదు. "నాకు మాత్రం వచ్చేటమ్మా? ఎక్కి కూకో. ఫొటో తీత్తన్నారు."

ముందు ఆమె, వెనక ఆయన. బండి పడిపోకుండా చెరోపక్కా ఇద్దరు కార్యకర్తలు పట్టుకున్నారు. త్యాగమూర్తులు, ఫొటోలో మాత్రం పడలేదు.

మర్నాడు షేర్ ఆటోల్లో చోటు దొరక్క, సగం దూరం నడిచి, చెమటలు కక్కుతూ ఆమె షాపు చేరేసరికి సేఠ్ పేపరు చదువుతున్నాడు.

"బస్ బంద్ హో గయా, సేఠ్‌జీ," అంది.

సేఠ్ పేపరు ఆమె వైపు తిప్పాడు. అందులో ఆమె హ్యాండిల్ పట్టుకుని నవ్వుతోంది. బస్సుతో నీకేం పని అని హిందీలో అడిగి, ఇక రానక్కర్లేదన్నాడు.

ఆమె కౌంటర్ దగ్గర అప్పటికే యోగిత అనే కొత్తపిల్ల చీరలు మడతపెడుతోంది. ఆ పిల్ల పేపరు వైపు చూసింది, ఉమామహేశ్వరి వైపు చూసింది, భక్తితో లేచి నిలబడింది.

"దీదీ, నాకూ బండి నేర్పుతారా?" అని అడిగింది.