ఫిజిక్స్ అక్కర్లేదు, వైర్లుంటే చాలు

అయ్యలారా, అమ్మలారా! ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలంటే ముందు ఫిజిక్స్‌కి ఓ దణ్ణం పెట్టి సాగనంపండి. అది తెలిసినవాడు చిన్న బల్బు వెలిగించడానికి కూడా సవాలక్ష అనుమానాలు పడతాడు. మాబోటి మొద్దులకు ఆ బాధ లేదు. వైరు కనబడితే కలిపేయడమే!

నేను బట్టల కొట్లో మేనేజర్ని. చదువుకునే రోజుల్లో ఫిజిక్స్ మాస్టారు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. అలాంటి నేను, మా అమ్మాయి సైన్స్ ఎగ్జిబిషన్‌కి బుల్లి దీపం చేయించే పూచీ నెత్తినేసుకున్నాను. దాని పక్కన నిలబడి జడ్జికి జవాబులు చెప్పాల్సింది మాత్రం ఆ పిల్లే. ఇంత ధైర్యం ఎక్కడిదంటారా? ఫిజిక్స్ రాకపోయినా పర్లేదని ఎలక్ట్రానిక్స్ నేర్పే వీడియోలో ఒక పెద్దమనిషి నవ్వుతూ హామీ ఇచ్చాడు. కన్నతండ్రి కూడా నాకంత భరోసా ఇవ్వలేదు!

బ్యాటరీ, ఎల్ఈడీ, మధ్యలో రెసిస్టర్ అనే చారల పురుగు. ఇదేం చేస్తుందని అమ్మినతన్ని అడిగితే కరెంటుకి అడ్డం పడుతుందన్నాడు. అడ్డమా? కన్నకూతురి ప్రాజెక్టుకి అడ్డుపుల్ల వేసే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? తీసి అవతల పారేశాను. ఎల్ఈడీ ధగధగా వెలిగింది. నేను కాలర్ ఎగరేసేలోపే చచ్చింది. ఆ కంపేమిటని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. విజ్ఞానమన్నాను. కిటికీ తెరవమంది.

రెండోదీ అంతే. మూడోదాన్ని తిరగేసి పెట్టాను, అసలు వెలగలేదు. నాసిరకం సరుకని కొట్టువాణ్ణి తిట్టిపోశాను. ఫిజిక్స్ వచ్చినవాడైతే పాపం తన్ను తానే తిట్టుకునేవాడు. మనశ్శాంతి ఎవరికుందో చూశారా!

చిక్కల్లా మా అమ్మాయితోనే. ప్రశ్నల పుట్ట. ఎందుకు మాడింది, అడ్డం ఉంటే ఎందుకు మాడదు అంటూ ప్రాణం తోడేసింది. వీడియో మళ్లీ పెట్టాం. పెద్దమనిషి రెసిస్టర్ పెట్టి తీరాలన్నాడు. ఎందుకో చెప్పలేదు, లైక్ మాత్రం కొట్టమన్నాడు. పారేసినదాన్ని మంచం కింద వెతికి తెచ్చి పెట్టాం, మూడో ఎల్ఈడీని వీడియోలో చూపినట్టు తిప్పాం. వెలిగింది! పిల్ల మళ్లీ ఎందుకని నోరు తెరవబోయింది. వెలిగిందిగా, ఇంక ఊరుకో అని కసిరాను. ఊరుకుంది. అబ్బ, ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

ఎగ్జిబిషన్‌లో జడ్జి ఆ చారల పురుగు మీదే వేలు పెట్టి, ఇదెందుకమ్మా అన్నారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"వీడియోలో పెట్టమన్నారు సార్" అంది మా అమ్మాయి.

ఆయన తల పంకించారు. తానూ ఆ వీడియో చూశానని, చాలా బాగుంటుందని మెచ్చుకుని ఫస్ట్ ప్రైజ్ కప్పు ఇచ్చేశారు.

ఇంటికొస్తుంటే నా మనసే ఊరుకోలేదు. ఆ చారల పురుగు లేకపోతే ఎల్ఈడీ ఎందుకు మాడిపోతుందో తెలుసుకోవాలని లేదా అమ్మా అని అడిగాను.

"వెలిగిందిగా నాన్నా, ఇంకేం కావాలి?" అంటూ కప్పు నా చేతిలో పెట్టేసింది.

మాడిన ఎల్ఈడీల బదులు కొత్తవి ఏ కొట్లోనైనా దొరుకుతాయి. నా పిల్ల నోట్లోంచి పోయిన ఆ ప్రశ్న ఎక్కడ దొరుకుతుందో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను.