ఈరవ్వ వాకింగ్

ఆ పొద్దున ఎవరి కంటా పడకుండా కాసేపు నడిచి రావాలని ఈరవ్వ గట్టిగా అనుకుంది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టీ చుట్టీ ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి. షుగరు కూడా తోడైంది. రోజూ నడవమని బోధన్ డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడ నడవాలో మాత్రం చెప్పలేదు. ఈరవ్వ గల్లీలో మూత లేని మురుగు మోరీ, దాని పక్కన కుక్కల మంద. స్తంభాలున్నాయి, లైట్లు లేవు. పైగా పని లేకుండా ఆడమనిషి బయటికొస్తే ఇంటింటికీ జవాబు చెప్పుకోవాలి. నాలుగు వీధుల అవతలి పెద్దిళ్ల కాలనీలోనైతే ఆడవాళ్లు బూట్లేసుకుని పార్కు చుట్టూ తిరుగుతారు. వాళ్లనెవరూ ఏమీ అడగరు.

అందుకే ఈరవ్వ ఒక ఖాళీ బిందె చంకన పెట్టుకుంది. చేతిలో బిందె ఉంటే పని ఉన్నట్టే కదా!

పైపు పగిలి రెండు రోజులుగా గల్లీకి నీళ్లు లేవన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టలేదు.

వాకిలి ఊడుస్తున్న పక్కింటి నాగవ్వ తలెత్తింది. "ఏడికే ఈరవ్వా, గంత జల్ది?"

"ఏం లేదక్కా, ఊకెనే" అంటూ ఈరవ్వ అడుగు పెంచింది.

"ఓ అవ్వా, ట్యాంకరచ్చినట్టుంది! మనకు చెప్పకుంట పోతున్నది సూడుండ్రి!" అని కేకేసి నాగవ్వ రెండు బిందెలందుకుంది.

చప్పుడు విని ఈరవ్వ వెనక్కి చూసేసరికి గల్లీ గల్లీయే కదిలి వస్తోంది. ఏం చెప్పాలో తోచక ఆమె ఇంకా జోరుగా నడిచింది. ఆ జోరు చూసి, ట్యాంకరు వెళ్లిపోతోందేమోనని వాళ్లు ఉరికారు.

నాలుగు వీధులు దాటి వస్తున్న ఖాళీ బిందెల గుంపు కాలనీ పార్కు వాచ్‌మన్ కొమురయ్యకు కనిపించింది. గబగబా గేటుకు తాళం వేసి కౌన్సిలర్‌కు ఫోన్ చేశాడు. "సార్, ధర్నా! మస్తుమంది అచ్చిండ్రు!"

కౌన్సిలర్ ఆత్మారాం చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని పరుగున వచ్చాడు. "అక్కా, జర ఇనుండ్రి! పైపు బాగైంది. గిప్పుడు మీ ఇండ్లల్ల నల్లా అస్తున్నది!"

అందరూ ఈరవ్వ వైపు తిరిగారు.

"ఇంట్ల నల్లా ఇడిశిపెట్టి నీ ఎంబడి ఉరికితిమి. నువ్వెందుకచ్చినవే మరి?" అంది నాగవ్వ రొప్పుతూ.

ఈరవ్వకు ఏడుపొక్కటే తక్కువ. "నడుద్దామని అచ్చినక్కా. మోకాళ్లు పోతున్నయి. మన గల్లీల నడిచే జాగ ఏడున్నది?"

అందరూ నవ్వుతారనుకుంది. నాగవ్వ బిందెలు కింద పెట్టి నడుం పట్టుకుంది. "నాకూ గట్లనే చెప్పిండ్రే డాక్టరు. సిగ్గయి ఎవ్వలకు చెప్పలే." ఆ వెంటనే ఒకరికి కీళ్లు, ఒకరికి బీపీ, ఒకరికి ఆయాసం బయటపడ్డాయి.

వాళ్లు నీళ్లడిగి ఉంటేనే తేలికయ్యేదని ఆత్మారాంకు అప్పుడర్థమైంది. "మోరీ మీద బండలు ఏయిస్త. లైట్లు పెట్టిస్త. అప్పటిదాక..."

"అప్పటిదాక గేటు తియ్యమను" అంది ఈరవ్వ. అంత గట్టిగా మాట్లాడింది తానేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

కొమురయ్య తాళం తీశాడు.

వానలు మొదలయ్యేలోగా గల్లీలో మోరీ మూసుకుంది, లైట్లు వెలిగాయి. సాయంత్రం బీడీలు అప్పజెప్పి వచ్చాక ఆడవాళ్లు నవ్వుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నారు. ఎక్కడికని అడిగేవాళ్లే లేరు, అడగాల్సినవాళ్లంతా వాళ్లతోనే నడుస్తున్నారు కాబట్టి.

ఇదంతా తన ఆలోచనేనని ఆత్మారాం ప్రతి మీటింగులోనూ చెబుతున్నాడు. పక్క వీధిలో మీటింగైనా సరే, కారులోనే వెళ్లి మరీ చెబుతున్నాడు.