శనివారం కాబ్లర్

ఆ శనివారం పొద్దున భూపేష్‌కు పెళ్లాం అప్పజెప్పిన పని ఒక్కటే: తను చేసేదాంట్లో వేలు పెట్టకుండా, నోరు మూసుకుని ఉండడం. నోరు మూసుకోవడంలో అతనికి చిన్నప్పటి నుంచీ మంచి అనుభవమే ఉంది. అమ్మ ఒకటంటే ఊఁ అంటాడు. నాయన దానికి అడ్డంగా ఇంకొకటంటే దానికీ ఊఁ అంటాడు. పెళ్లయినప్పటి నుంచి సుజన మాటకూ ఊఁ అంటున్నాడు. ఈ ఊఁలన్నీ ఒకదానికొకటి అడ్డం తగిలిన రోజు, సిమెంటు ఫ్యాక్టరీలో అర్జెంటు పనుందని బండి తీస్తాడు. ఆ శనివారం ఫ్యాక్టరీకి సెలవు.

జమ్మలమడుగులో గండికోటకు పోయే రోడ్డు మీద వాళ్ల ఇల్లు. రోడ్డు వైపు గది ఒకటి ఖాళీగా ఉంది. శని, ఆదివారాల్లో కోట చూడబోయే కార్లన్నీ దాని ముందు నుంచే పోతాయి. పెళ్లికి ముందు బెంగళూరులో ఒక కేఫ్‌లో పనిచేసిన సుజనకు, ఆ గదిలో నాలుగు బల్లలు వేసి, బోర్డు మీద తన పేరు రాయించి, కాఫీ, తీపి పలహారాలు అమ్మాలని ఆశ. రాత్రి నిద్రలో కూడా ఆ బోర్డు రంగు గురించే మాట్లాడేది. మామ వీరభద్ర ఆలోచన వేరు. ఆ గది బొజ్జన్న ఎరువుల అంగడికి బాడుగకిస్తే పీడా పోతుందని ఆయన అనుకున్నాడు. వీరభద్ర శనగ పండించే రైతు, ఒకప్పుడు సొంతూరికి సర్పంచి. పదవి పోయి చాలా ఏళ్లయినా తీర్పులు చెప్పే అలవాటు మాత్రం పోలేదు.

"ఇదో సుజనమ్మా, నువ్వు అమ్మాలనుకునేదేందో ఒకటి చేసి శనివారం సాయంత్రం నాకు పెట్టు. నా నోటికి బాగుంటే గది నీది. బాగలేకుంటే బొజ్జన్నది. ఆయప్ప కూడా ఆ పొద్దే అడ్వాన్సు తీసుకోని వస్తాడు" అన్నాడాయన.

శనివారమే ఎందుకంటే, ఆ రోజు ఆయన వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటాడు. రాత్రికి అన్నం మాని పలహారం తింటాడు. ఎలాగూ ఏదో ఒకటి తినాలి గనుక, పరీక్షకని వేరే పూట పాడు చేసుకోవడమెందుకని ఆయన ఉద్దేశం.

శనివారం మామ గుడ్డు ముట్టడు. సుజన కేకుల జోలికి పోకుండా మామిడిపండు కాబ్లర్‌ను ఎంచుకుంది అందుకే. అడుగున చక్కెర కలిపిన పండు ముక్కలు, పైన వెన్నా పాలూ వేసి కలిపిన మైదా ముద్దలు. ఓవెన్‌లో పెడితే కింద రసం ఉడుకుతుంది, పైన పిండి ఎర్రగా కాలుతుంది. చెడగొట్టాలన్నా చెడని వంట అని సుజన ధీమా. భోజనాలయ్యాక బేనీషా మామిడిపండ్లు కోసి, ట్రేలో పరిచి, పిండి ముద్దలు అక్కడొకటి ఇక్కడొకటి పెట్టేసరికి కరెంటు పోయింది. లైను పని జరుగుతోందట, చీకటి పడేదాకా రాదట.

సుజన దిగులుపడలేదు. క్రిస్మస్‌కు కేకులు, రంజానుకు బిస్కెట్లు ఇళ్లలో కలుపుకుని, ఏసేపు బేకరీ బట్టీలో కాల్పించుకోవడం ఆ వీధివాళ్లకు అలవాటే.

"ఏసేపన్న బట్టీలో పెట్టించుకోని రా. ఎవురినీ ఏమీ కలపనీయాకు. కాల్చేది, తెచ్చేది, అంతే" అని భూపేష్‌కు చెప్పి, ఆమె చీపురు తీసుకుని ముందర గది కడగడానికి పోయింది.

భూపేష్ ఊఁ అన్నాడు.

అతను ట్రేకు మూత వెతుకుతుంటే వాళ్లమ్మ నాగలక్ష్మమ్మ వంటింట్లోకి వచ్చింది. ట్రేలోకి తొంగి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో నా తల్లీ! పిండి కలపడానికి కూడా రాకపాయెనే ఈ పిల్లకు! ముద్దలు ముద్దలుగా ఉండాదే!"

"అది అట్లనే ఉండాలంటమ్మా."

"ఎవురు చెప్పినారు?"

"సుజనే."

"కుదరకపోతే ఎవురైనా అట్లనే అంటారు లేరా. నేను కాపురానికొచ్చిన కొత్తలో సంగటి ఉండలు కట్టింటే, మా పక్క ఇట్లనే చేస్తారని మీ అవ్వకు చెప్పినా నేను."

నాగలక్ష్మమ్మకు కోడలంటే ప్రాణం. ఆ ప్రాణమే కొంప ముంచింది. బొజ్జన్న ముందు పిల్ల నవ్వులపాలు కావడమూ, ఇంట్లోకి ఎరువుల వాసన రావడమూ రెండూ ఆమెకు ఇష్టం లేదు. ముద్దలన్నీ వేళ్లతో అదిమి చదును చేసింది. గ్యాసు మీద బెల్లం పాకం పట్టి, యాలకులు దంచి వేసి, గరిటెడు నెయ్యి కలిపి, అంతా ఆ ట్రేలో ఒంపింది.

"తీపంటే బెల్లమేరా. దానికి చెప్పాకు, పాపం చిన్నబుచ్చుకుంటాది" అంది.

భూపేష్ దానికీ ఊఁ అన్నాడు.

ట్రేను బండి ట్యాంకు మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని పోతుంటే పాత బస్టాండు దగ్గర స్పీడు బ్రేకరు తగిలింది. నిన్నటిదాకా అక్కడ అది లేదు. ట్రే పడలేదు గానీ, మూత సందులోంచి రసం ధారగా కారి, ట్యాంకు మీదుగా అతని ప్యాంటు మీదికి దిగింది. బండి ఆపి మూత తీసి చూస్తే లోపల ఎండాకాలపు పెన్నా నదిలా ఉంది. పిండంతా ఒక ఒడ్డుకు చేరింది, ముక్కలు పొడిగా బయటపడ్డాయి.

ఇంటికి పోయి నిజం చెబుదామా అన్న ఆలోచన అతనికి రాకపోలేదు. కానీ నిజం చెప్పాలంటే బెల్లం పాకం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అమ్మ పేరు తియ్యాలి. సాయంత్రానికి ఇల్లు కురుక్షేత్రమవుతుంది. పక్కనే పండ్ల రసాల అంగడి కనబడింది. పెద్ద గ్లాసు మామిడి రసం కొని ట్రేలో పోసి, పిండిని వేళ్లతో మధ్యకు జరిపాడు. గ్లాసు నిజంగానే పెద్దది.

బేకరీలో ఏసేపు మూత తీసి చాలాసేపు చూశాడు. ఊళ్లోవాళ్ల పిండ్లు కాల్చి కాల్చి తల నెరిసిన మనిషి, ఎన్నో ఘోరాలు చూసి ఉన్నాడు. అయినా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏందప్పా ఇది?"

"కాబ్లర్ అన్నా."

"పేరు బాగుండాది. పిండి ఈదులాడతాండాది సూడు. ఇది పొద్దుగూకులు కాల్చినా గట్టిపడదు."

"ఏమీ చెయ్యద్దన్నా. ఉండేది ఉండేట్టు కాల్చియ్, చాలు."

"నువ్వు ఊరకుండప్పా. మీ ఇంటి తిండి నా బట్టీలో చెడిపోయిందంటే నాకేం మర్యాద?"

అంతలో సుజన ఫోను. భూపేష్ బయటికి వచ్చాడు.

"ఎవురూ ఏమీ కలపలేదు గదా?" అంది సుజన.

"ఊహూఁ."

అప్పటికే అది అబద్ధం. అతను ఫోను పెట్టేసి లోపలికి పోయేసరికి అది మరీ పెద్ద అబద్ధమైపోయింది. ఏసేపు గుడ్లు గిలక్కొట్టి, పాలు కలిపి, ట్రేలో పోసేసి, పెంకులు బుట్టలో పారేస్తున్నాడు.

"అన్నా! గుడ్లా!"

"నాలుగే. ఇంగ చూడు, ఎట్ల పట్టుకుంటాదో."

"ఈ పొద్దు శనివారం గదన్నా!"

"అవునప్పా, రేపు ఆదివారం. అందుకే బన్నులు శానా కాల్చాల ఈ పొద్దు" అంటూ ఏసేపు ట్రేను బట్టీలోకి తోసేశాడు.

భూపేష్‌కు పాత సంగతొకటి గుర్తొచ్చింది. గుడ్డు ఉడికించిన గిన్నెలో తనకు శనివారం పాలు కాచి ఇచ్చారని, నాయన ఒకసారి వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పాలు తాగకముందే కనిపెట్టాడు గనుక వారంతో పోయింది. ఇప్పుడు వారంతో పోదు. సుజన గది పోతుంది, తన కాపురం సంగతి తర్వాత. బట్టీ ముందు నిలబడి, చెప్పాల్సిన మాటలన్నీ మనసులో కూర్చుకున్నాడు. ట్రే బయటికొచ్చాక దాని ఘుమఘుమకు ఆ మాటలు ఒక్కొక్కటే మరిచిపోయాడు.

ఇంటి ముందు బండి దిగేసరికి ఒక్కటే దారి కనబడింది. ట్రే నేలపాలైతే ఏ గొడవా లేదు. మెట్టు దగ్గర కాలు తట్టుకున్నట్టు తూలి, గోనెపట్టా చుట్టిన ట్రేను వదిలేశాడు. సరిగ్గా అప్పుడే గేటులోంచి వస్తున్న బొజ్జన్న దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు. లారీ మీద నుంచి విసిరే యూరియా మూటలు పట్టి పట్టి ఆరితేరిన చేతులవి.

"జాగర్తప్పా! ఆడబిడ్డ కష్టం" అని మందలించి, తను ఆ ఇంటికి ఎందుకొచ్చాడో కూడా మరిచి, బొజ్జన్నే దాన్ని లోపలికి మోసుకుపోయి వీరభద్ర ముందు పెట్టాడు.

సుజన ట్రేలోకి చూసింది. అది తను చేసింది కాదని ఆమెకు వెంటనే అర్థమైంది. భూపేష్ వైపు చూసింది. భూపేష్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. నిలదీయడానికి వ్యవధి లేదు, మామ అప్పటికే గిన్నె చాపాడు. ఆమె వడ్డించింది.

"నాకూ శనివారమేనమ్మా, ఆంజనేయస్వామికి. ఇందులో గుడ్డు గిడ్డు లేదు గదా?" అన్నాడు బొజ్జన్న తన గిన్నె చాపుతూ.

"నేను గుడ్డు ముట్టనే లేదు చిన్నాయనా" అంది సుజన. అది నిజం.

"నాయనా, అదీ..." అన్నాడు భూపేష్.

"ఉండరా, తిననీ" అన్నాడు వీరభద్ర.

తిన్నాడు. మళ్లీ పెట్టించుకున్నాడు. బొజ్జన్న ఎవరూ పెట్టకుండానే పెట్టుకున్నాడు. సుజన చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ చూసింది. కడకు వీరభద్ర తల పైకెత్తాడు.

"బాగుండాది. శానా బాగుండాది. నోట్లో పెడితే కరిగిపోతాండాది. గది..."

"బాగుండకేం?" నాగలక్ష్మమ్మ ఉండబట్టలేకపోయింది. "బెల్లం పాకం పోసిందెవురు మరి? నేను!"

చెడిన వంటకు దిక్కుండదు గానీ కుదిరిన వంటకు ఊరంతా వంటవాళ్లే. "రసం తక్కువైతే మామిడి రసం పోసింది నేను" అని భూపేష్ నోటి నుంచి కూడా ఒక మాట జారిపడింది. ఎప్పుడూ లేనిది ఎందుకన్నానా అని అతనే నాలుక కరుచుకున్నాడు. ఇంతలో గుమ్మం దగ్గర ఏసేపు కనబడ్డాడు. చేతిలో ట్రే మూత ఉంది.

"మూత మరిచిపోయినాడప్పా మీవోడు. ఎట్లుండాది పెద్దాయనా, కుదిరిందా? నాలుగు గుడ్లు పడినాంక గానీ దారికి రాలేదు సూడు."

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. వెలుతురులో అందరి ముఖాలూ స్పష్టంగా కనబడ్డాయి.

వీరభద్ర నోట్లో ముద్ద ఉంది. మింగితే తెలిసి తెలిసి గుడ్డు తిన్నట్టు. కక్కితే అంతకు ముందు తిన్నదంతా గుడ్డేనని ఒప్పుకున్నట్టు. బొజ్జన్న పరిస్థితి కూడా అదే, కాకపోతే అతని నోట్లో ముద్ద ఇంకా పెద్దది.

సుజనకు ఏడుపు ముంచుకొచ్చింది. తన కష్టంలో ఇన్ని చేతులు పడ్డాయన్న కోపం, గది పోయిందన్న బాధ. అత్తను చూసింది, మొగుణ్ణి చూసింది, ఏసేపును చూసింది. తర్వాత మామ బుగ్గలో కదలకుండా ఉన్న ముద్దను చూసింది. దాన్ని కొంచెంసేపు చూసి, కళ్లు తుడుచుకుని, నిదానంగా మాట్లాడింది.

"మామా, నేను చేసిన దాంట్లో గుడ్డు లేదు. దేవుని మీద ఒట్టు. ఇది నేనొక్కదాన్నే చేసింటే మీ ఒక్కపొద్దుకు ఏమీ కాలేదు. ఇంగెవురన్నా చెయ్యి పెట్టింటేనే అనుమానం. పెట్టినారో లేదో మీరే విచారించండి."

వీరభద్ర కోడలి వైపు తేరిపార చూశాడు. మెల్లగా ముద్ద మింగి మూతి తుడుచుకున్నాడు. ఎన్నాళ్లకో ఆయన గొంతులోకి పాత సర్పంచి దిగి వచ్చాడు.

"ఏమే, నువ్వు బెల్లం పాకం పోసినావా?"

"నేనా? నేను వంటింట్లోకే పోలేదే! మధ్యాన్నమంతా పండుకోనుంటి" అంది నాగలక్ష్మమ్మ, రెప్ప వాల్చకుండా.

"నువ్వేరా?"

"ఊహూఁ" అన్నాడు భూపేష్.

"ఏసేపూ, నువ్వు గుడ్లు పోసింది ఏ ట్రేలో? బాగా గ్యాపకం చేసుకోని చెప్పు."

ఏసేపు ట్రేను చూశాడు, ఖాళీ గిన్నెలను చూశాడు, వీరభద్ర ముఖం చూశాడు. మనసులో ప్రభువుకు ఒక క్షమాపణ చెప్పుకున్నాడు. "ఇంగోరి ట్రే పెద్దాయనా. ఈ పొద్దు శానా వచ్చినాయి. ముసలోన్ని గదా, కలగలిసిపోయింటాది."

"బొజ్జన్నా, నువ్వూ తింటివి. గుడ్డు వాసనేమన్నా తగిలిందా?"

బొజ్జన్న లెక్క వేసుకున్నాడు. తగిలిందంటే గది తనది. కానీ ఆంజనేయస్వామికి జవాబు చెప్పుకోవాలి. అడ్వాన్సు ఉన్న జేబును ఒకసారి తడుముకుని, "గుడ్డా? ఇందులోనా? ఇది ఒక్క చెయ్యి చేసిన వంటని తింటానే తెలుస్తాండాది గదన్నా!" అన్నాడు.

"అయితే ఇది మొత్తం సుజనమ్మ ఒక్కతే చేసింది. వేరే చెయ్యి పడలేదు. అందురూ ఒప్పుకున్నట్టేనా?"

అందరూ ఒప్పుకున్నారు. అందరికంటే గట్టిగా బొజ్జన్న ఒప్పుకున్నాడు.

"మరి గది మామా?" అంది సుజన.

వీరభద్ర కొంచెంసేపు ఆలోచించాడు. ఇవ్వనంటే విచారణ మళ్లీ మొదటికొస్తుంది.

"నీదేనమ్మా" అన్నాడు.

సుజనకు గంతులేయాలనిపించింది. మామ ముందు బాగుండదని, ఖాళీ ట్రే తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. పోతూ పోతూ భూపేష్ చెవిలో "నీ సంగతి రేపు చెప్తా" అంది. భూపేష్ ఊఁ అన్నాడు.

మరుసటి శనివారానికి ముందర గదిలో బల్లలు పడ్డాయి, బోర్డు లేచింది. సుజన వంటింటి తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుని, అత్తను గానీ మొగుణ్ణి గానీ దరిదాపుల్లోకి రానీయకుండా, తన ఓవెన్‌లో, తన లెక్క ప్రకారం, అసలు సిసలు కాబ్లర్ చేసింది. మొదటి బల్ల దగ్గర కూర్చున్న వీరభద్ర రెండు చెంచాలు తిని, చెంచా కింద పెట్టాడు.

"బాగుండాది గానీ, పోయినవారం మాదిరి లేదమ్మా. ఏందో తగ్గినట్టుండాది."

తగ్గిందేమిటో ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు కూడా తెలుసు. కానీ ఆ రోజు శనివారం.