లాంగ్వేజ్ లెఫ్ట్!

"ఏమండీ, మన రేణు బుర్రలో ఒక్క తెలుగు ముక్కా కనిపించకపోతే?"

కారు కదలకముందే పైకి అనేశాను. మా ఆయన సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, "నీ బుర్రలోంచి కాస్త వంచి పోద్దాంలే, అక్కడ పొంగిపోతోందిగా" అన్నారు.

అమ్మలారా, నా మాట వినండి. ఫ్రిజ్ లేకపోయినా ఫరవాలేదు, ఇంటింటికీ ఒక బ్రెయిన్ మిషన్ ఉండాల్సిందే! సూది లేదు, కోత లేదు. తలకి తీగల టోపీ తొడుగుతారు. బుర్రలో ఏ వైపు పని చేస్తోందో టీవీలో రంగుల్లో కనిపిస్తుంది. భాష ఏ వైపు ఉంటుందో చూడ్డానికి అమెరికాలో మేముండే పిస్కాటవే దగ్గర యూనివర్సిటీవాళ్లు రెండు భాషల పిల్లలు కావాలన్నారు. పద్నాలుగేళ్ల మా రేణు పేరిచ్చేసి వచ్చింది.

రెండు భాషలా? మూడేళ్లుగా నా తెలుగుకి దాని జవాబు "ఓకే మామ్". అదీ మూడ్ బాగుంటే!

తెలుగు మాటలు క్యాసెట్‌లో చెప్పి పంపమన్నారు. నేనేమైనా పండితురాలినా? నోటికొచ్చినవే చెప్పాను. "అన్నం తిన్నావా? స్వెటర్ వేసుకున్నావా? తలుపు గడియ పెట్టావా?" ముప్పై ప్రశ్నల్లో తిన్నావా అన్నదే తొమ్మిదిసార్లట!

పరీక్షలో ఆ క్యాసెట్ వింటున్నంతసేపూ రేణు కదలకూడదు, పెదవి విప్పకూడదు. ఆ రూలు మా ఇంట్లో ఎప్పట్నుంచో అమల్లో ఉంది!

క్యాసెట్ అయిపోయాక ప్రొఫెసరమ్మ టీవీ చూసి, సంబరంగా "లాంగ్వేజ్... లెఫ్ట్!" అంది.

లెఫ్ట్ అంటే నాకు తెలీదా? "డాడ్ లెఫ్ట్" అని మా పిల్ల ఫోన్‌లో చెబుతుంటే రోజూ వింటున్నదాన్నే. వెళ్లిపోయిందన్నమాట! ఉగ్గుతోపాటు పట్టిన భాష! అక్కడే ఏడుపు అందుకున్నాను.

"లెఫ్ట్ అంటే ఎడమవైపే! భాష అటుందని చెబుతోంది" అని మా ఆయన చెవిలో విసుక్కున్నారు.

కళ్లు తుడుచుకుని చూశాను. నా తెలుగు వినిపించిన చోటల్లా ఎడమవైపు ఎర్రగా ఉంది. అంటే అన్నీ వింటోంది! చెవుడేమోనని నేను డాక్టర్‌కి కూడా చూపించానే!

ఇక జవాబులెందుకండీ? టోపీ తొడిగి, అన్నం వడ్డించి, రంగు చూసుకుంటే సరి. ఎంత హాయి!

కాకపోతే, ఆ రంగుకి "అమ్మా" అనడం రాదు.

తిరిగి వచ్చేటప్పుడు నేనేమీ అడగలేదు. ఆరు సిగ్నళ్లు దాటాం. ఏడో సిగ్నల్ దగ్గర వెనక సీట్లోంచి వినిపించింది.

"తినలేదు. స్వెటర్ వేసుకున్నా. గడియ డాడ్ పెట్టింది." ముందుకి వంగి, "నువ్వు తిన్నదా, అమ్మా?"